పరీక్ష తప్పింది – తప్పెవరిది?

తెలుగులో "విద్యార్థి పరీక్ష తప్పాడు" అంటాం. "పరీక్ష తప్పింది" అని అనం. తప్పినవాడు విద్యార్థి, పరీక్ష తన చోట తాను నిలిచే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రాసేవారి వాడుకలో మాత్రం ఈ వాక్యం తలక్రిందులైంది. వారు "టెస్టు ఫెయిలయింది" అంటారు. పరీక్షకు నిలబడిన ప్రోగ్రాం పేరు ఆ వాక్యంలో ఉండదు, దానిని రాసినవారి పేరూ ఉండదు. వ్యాకరణం చదువుకున్నవారికి ఇది వింతగా తోచవచ్చు గాని, ఆలోచించి చూస్తే ఆ వాడుకలో కొంత వివేకం ఉంది. టెస్టు తప్పిన క్షణంలో తప్పెవరిదో నిజంగా ఎవరికీ తెలియదు. ప్రోగ్రాందే కావచ్చు, టెస్టుదే కావచ్చు, రెండూ నడిచిన యంత్రానిదీ కావచ్చు.

ఒక్కడే రాసుకునే ప్రోగ్రాంలో ఈ సందేహం వాని ఇంటి వ్యవహారం. పదిమంది, నూరుమంది, వేలమంది కలిసి ఒకే ప్రోగ్రాంను రాస్తున్నప్పుడు అది ఊరి వ్యవహారం అవుతుంది. తప్పెవరిదో తేల్చేదెవరు? తేలేవరకు మిగిలినవారి పని సాగాలా, ఆగాలా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు వెదకడంలోనే నాలుగు దశాబ్దాలు గడిచాయి. ఆ చరిత్రను నాకు తెలిసినంత మేరకు చదువరుల ముందు ఉంచుతాను.

యూనిట్ టెస్టు అంటే

ప్రోగ్రాంలోని ఒక చిన్న భాగాన్ని విడిగా పట్టుకుని, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు దానికి వేయడమే యూనిట్ టెస్టు. ఒక సంవత్సరం లీపు సంవత్సరమా కాదా అని చెప్పే భాగం ఉన్నదనుకుందాం. దానికి నాలుగు ప్రశ్నలు చాలు. 2024 అడిగితే అవునని, 2023 అడిగితే కాదని, 1900 అడిగితే కాదని, 2000 అడిగితే అవునని చెప్పాలి. నాలుగు చేత భాగించబడితే లీపు అని మాత్రమే తెలిసినవాడు రాసిన ప్రోగ్రాం 1900 దగ్గర తప్పుతుంది. నూరు చేత భాగించబడి, నాలుగు వందల చేత భాగించబడనిది లీపు కాదన్న సూత్రం వాడు మరచాడన్నమాట. ఈ ప్రశ్నలు అడిగేది మనిషి కాదు, మరొక చిన్న ప్రోగ్రాం. కనుక విసుగు లేకుండా రోజుకు వేయిసార్లైనా అడుగుతుంది.

పద్యం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఉత్పలమాల పాదానికి భ-ర-న-భ-భ-ర-వ గణాలు, పదవ అక్షరం యతిస్థానం. వ్రాతప్రతిలో ఒక పాదం ఈ కొలతకు సరిపోకపోతే పరిష్కర్తకు మూడు అనుమానాలు కలుగుతాయి. లేఖకుడు అక్షరం జారవిడిచి ఉండవచ్చు. గురులఘువులు గుర్తించడంలో మనమే పొరబడి ఉండవచ్చు. లేదా అది అసలు ఉత్పలమాలే కాక చంపకమాల కావచ్చు. అప్పుడు పాదం నిర్దుష్టం, కొలబద్దే వేరొకదానిది. టెస్టు తప్పినప్పుడు ప్రోగ్రామర్ల ముందు నిలిచే అనుమానాలు కూడా సరిగ్గా ఈ మూడే. ప్రోగ్రాంలో దోషం ఉండవచ్చు, టెస్టు రాయడంలో దోషం ఉండవచ్చు, లేక ప్రోగ్రాం చేయవలసిన పనే మారిపోయి టెస్టు పాతదై ఉండవచ్చు. వీటిని విచారించకుండా, గణాలు కుదరడం కోసం ఏదో ఒక అక్షరం ఇరికించి ఊరుకునే పరిష్కర్త కవికి చేసే ద్రోహమే, వచ్చిన జవాబునే "సరైన జవాబు"గా టెస్టులో దిద్ది ఊరుకునే ప్రోగ్రామర్ తన తోటివారికి చేస్తాడు.

"నాట్ ఓకే"

టెస్టులను ప్రోగ్రాంతో పాటే లోకానికి పంచిపెట్టిన తొలి ఉదాహరణలలో పెర్ల్ భాష ఒకటి. లారీ వాల్ 1987 డిసెంబరులో పెర్ల్ మొదటి కూర్పును విడుదల చేసినప్పుడు, దానితో పాటు ఒక అరలో టెస్టులను కూడా పెట్టాడు. వాటి పద్ధతి చాలా సరళం. మొదట ఎన్ని టెస్టులున్నాయో చెబుతాయి. తరువాత ఒక్కొక్కదానికి "ఓకే" అనో "నాట్ ఓకే" అనో వరుస సంఖ్యతో ఒక్కొక్క పంక్తి రాస్తాయి.

మొత్తం ఎన్నో ముందే చెప్పడంలో ఒక మెలకువ ఉంది. ఇరవై అని చెప్పి పన్నెండు దగ్గర ఆగిపోతే, ఆ పన్నెండూ సరైనవే అయినా ఏదో జరిగిందని తెలుస్తుంది. హాజరుపట్టీ లేని తరగతిలో రాని పిల్లవాడు లెక్కకు రాడు గదా!

పెర్ల్ వాడుకరులు రాసిన ఉపకరణాలను భద్రపరిచే సీపాన్ అనే భాండాగారం 1995లో వెలిసింది. 1998 నుంచి సీపాన్ టెస్టర్లు అనే స్వచ్ఛంద సేవకులు అక్కడికి వచ్చే ప్రతి ఉపకరణాన్నీ తమతమ యంత్రాలపై నడిపి ఫలితాన్ని తెలియజేయసాగారు. రాసినవాని దగ్గర నడిచి మరొకరి దగ్గర తప్పిన టెస్టు అనే సమస్య ఇలా బహిరంగంగా, లిఖితపూర్వకంగా నమోదు కావడం మొదలైంది.

మేక కొమ్ములు

అదే కాలంలో పెద్ద సంస్థలలో కథ వేరుగా నడిచింది. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఎన్‌టి తొలి కూర్పు 1993లో వెలువడింది. అందులో 56 లక్షల పంక్తులు, 40,000 ఫైళ్ళు ఉన్నాయని, అంతటినీ కలిపి ఒకసారి కూర్చడానికి, అనగా బిల్డు చేయడానికి, అనేక యంత్రాలపై 19 గంటల వరకు పట్టేదని, అయినా ప్రతిరోజూ ఆ పని చేసేవారని స్టీవ్ మెక్‌కానెల్ 1996లో ఐఈఈఈ సాఫ్ట్‌వేర్ పత్రికలో రాశాడు. పంతొమ్మిది గంటల కూర్పు ఒకరి పొరపాటుతో చెడితే ఆ రోజు అందరిదీ వృథా.

అందుచేత శిక్షలు పుట్టాయి. బిల్డు చెడగొట్టినవాని గది తలుపుకు, వాడు దానిని సరిచేసేవరకు, ఒక లాలీపాప్ అంటించేవారట. కొన్ని జట్లలో మేక కొమ్ములు తలకు పెట్టుకోవాలి. మరికొన్నింటిలో ఉమ్మడి నిధికి ఐదు డాలర్లు చెల్లించాలి. ఇవన్నీ మెక్‌కానెల్ ఆ వ్యాసంలోనే పేర్కొన్నాడు. నవ్వులాటగా సాగినా, దీని వెనుక ఒక సిద్ధాంతం ఉంది. టెస్టు తప్పితే ఒక మనిషి తప్పాడు, వానికి సిగ్గు కలిగితే మళ్ళీ తప్పడు అన్నది ఆ సిద్ధాంతం.

బడిలో గోడకుర్చీ వేయించిన కాలం ఎరిగినవారికి దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. శిక్షకు జడిసినవాడు తప్పు మానడం కన్న ముందుగా, తప్పు బయటపడే సందర్భాన్ని తప్పించుకుంటాడు. తన మార్పులను ఉమ్మడి ప్రతిలో చేర్చడం రేపటికి, ఎల్లుండికి వాయిదా వేస్తాడు. వాయిదా పడినకొద్దీ మార్పు పెద్దదవుతుంది. పెద్ద మార్పు చేరినప్పుడు చెడేదీ పెద్దదిగానే ఉంటుంది.

ఆకుపచ్చ గీత

రెండవ మార్గం స్మాల్‌టాక్ భాషవారి నుంచి వచ్చింది. కెంట్ బెక్ 1994లో స్మాల్‌టాక్‌లో టెస్టులు రాసే సులువైన పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ పద్ధతికే ఎస్‌యూనిట్ అని పేరు. 1997లో అతడు, ఎరిక్ గామా కలిసి జ్యూరిక్ నుంచి అట్లాంటాకు విమానంలో వెళుతూ అదే పద్ధతిని జావా భాషలోకి తెచ్చారు. అదే జేయూనిట్. టెస్టులన్నీ నెగ్గితే తెరపై ఆకుపచ్చ గీత, ఒక్కటి తప్పినా ఎర్ర గీత కనబడేది.

జేయూనిట్ తప్పిన టెస్టులను రెండుగా విడదీసింది. అడిగిన ప్రశ్నకు వేరొక జవాబు వస్తే అది "ఫెయిల్యూర్". జవాబు చెప్పకుండానే ప్రోగ్రాం మధ్యలో కూలిపోతే అది "ఎర్రర్". మొదటివాడు తప్పు జవాబు రాసినవాడు, రెండవవాడు పరీక్ష హాలులో మూర్ఛపోయినవాడు. ఇద్దరికీ సున్నాయే వచ్చినా విచారణ ఒకటి కాదు.

బెక్ 1999లో ప్రకటించిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ గ్రంథంలో ఉమ్మడి పనికి స్పష్టమైన నియమం చెప్పాడు. కలపడానికి ఒక యంత్రం విడిగా ఉంటుంది. ఒకసారి ఒక జంట మాత్రమే దాని ముందు కూర్చోవాలి. తమ మార్పును కలిపి టెస్టులన్నీ నడపాలి. నూటికి నూరూ నెగ్గితేనే లేవాలి. నెగ్గించలేకపోతే తమ మార్పును తామే పారవేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ యంత్రం ముందుకు వచ్చేటప్పటికి ఉమ్మడి ప్రతి ఆకుపచ్చగా ఉన్నది గనుక, ఇప్పుడు తప్పినది కొత్త మార్పువల్లనే. తప్పెవరిదన్న ప్రశ్నకు జవాబు కూర్చున్న వరుసలోనే ఉన్నది. కొమ్ములతో పని లేదు. అయితే ఈ నియమం ఒకే గదిలో పనిచేసే చిన్న జట్టుకే సరిపోతుంది.

నారింజ రంగు

భూగోళమంతా చెల్లాచెదురుగా ఉన్న జట్టుకు ఏం చేయాలి? దీనికి మొజిల్లా అనుభవం గొప్ప పాఠం. నెట్‌స్కేప్ సంస్థ 1998 మార్చి 31న తన బ్రౌజర్ మూలాన్ని లోకానికి విడుదల చేసింది. సంస్థ లోపల వాడుకలో ఉన్న టిండర్‌బాక్స్ అనే ఉపకరణం కూడా ఆ ఏడే బహిరంగమైంది. చెకుముకి పెట్టె అని ఆ మాటకు అర్థం. కొన్ని యంత్రాలు ఉమ్మడి ప్రతిని ఎడతెగకుండా తీసుకుని, కూర్చి, పరీక్షిస్తూ ఉండేవి. ఫలితాలు ఒక పట్టికలో కనబడేవి. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క నిలువు వరుస, పైనుంచి కిందికి కాలం. అంతా సరిగా ఉంటే ఆకుపచ్చ, అసలు కూర్పే కుదరకపోతే ఎరుపు, కూర్పు కుదిరి టెస్టు తప్పితే నారింజ రంగు.

ఉమ్మడి ప్రతిని వారు "ట్రీ" అనేవారు, అనగా చెట్టు. చెట్టు చెడినప్పుడు దానిని "మూసివేసేవారు". దోషం సరిచేసే మార్పు తప్ప మరేదీ ఎవరూ చేర్చకూడదు. దీనిని పర్యవేక్షించే బాధ్యుడు "షెరిఫ్". తన మార్పును చేర్చినవాడు యంత్రాలన్నీ ఆకుపచ్చగా తిరిగేవరకు అందుబాటులో ఉండాలి. చేర్చి నిద్రకు పోవడం మర్యాద కాదు. ఎవరూ పలకకపోతే షెరిఫ్ ఆ మార్పును వెనక్కి తీసివేస్తాడు. దీనికి "బ్యాకౌట్" అని పేరు.

ఈ బ్యాకౌట్ అనే ఆచారం ఆ చరిత్రలో పెద్ద మలుపు అని నా అభిప్రాయం. ఇందులో ఎవరినీ నిందించడం లేదు. దోషం ఏమిటో కనుగొనేవరకు వందలమందిని ఆపడం కన్న, మార్పును బయటకు తీసి, అందరి పనీ సాగనిచ్చి, ఆ రచయిత తీరుబడిగా ఆలోచించుకునే అవకాశం ఇవ్వడం మేలని గుర్తించారు. తీసివేసిన మార్పు మళ్ళీ రావచ్చు. దాని మీద మచ్చ ఉండదు. 2011లో వారు మరొక అడుగు వేసి, కొత్త మార్పులు ముందుగా చేరే వేరొక ప్రతిని ఏర్పాటు చేశారు. అక్కడ షెరిఫులు కనిపెట్టి చూసి, నిలిచినవాటినే ప్రధాన ప్రతిలోకి పంపేవారు.

ఎవరి మార్పు వల్ల చెడిందో తెలియనప్పుడు ఏమిటి? దీనికి 2005లో పుట్టిన గిట్‌లో "బైసెక్ట్" అనే ఉపాయం ఉంది. నెల క్రితం నెగ్గిన టెస్టు ఈనాడు తప్పుతున్నది, నడుమ వేయి మార్పులు ఉన్నాయి అనుకుందాం. సరిగ్గా మధ్యనున్న ప్రతిని తీసి పరీక్షించాలి. అక్కడ నెగ్గితే దోషం రెండవ సగంలో ఉన్నది, తప్పితే మొదటి సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే సుమారు పది ప్రయత్నాలలో ఆ ఒక్క మార్పూ దొరుకుతుంది. వేయిమందిని అనుమానించే అవసరం లేకుండా పోయింది.

ద్వారపాలకుడు

సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన కోసుకే కవాగుచి, తన మార్పుల వల్ల బిల్డు చెడి తోటివారి కోపానికి గురికావడంతో విసిగి, చేర్చకముందే తన పనిని తాను పరీక్షించుకోవడానికి ఒక ఉపకరణం రాసుకున్నాడు. అది హడ్సన్. 2011లో అది జెంకిన్స్ అనే పేరుతో వేరుపడి లోకమంతటా వ్యాపించింది. మేక కొమ్ములు చేయలేని పనిని ఒక మనిషి విసుగు చేసింది.

ఇంకొక చిక్కు మిగిలింది. ఇద్దరి మార్పులు విడివిడిగా నెగ్గి, కలిసినప్పుడు తప్పవచ్చు. ఒకడు ఒక భాగానికి పేరు మార్చాడు. మరొకడు అదే రోజు పాత పేరుతో దానిని పిలిచే కొత్త భాగం రాశాడు. ఎవరి బల్ల మీద వారిది సరిగానే ఉంది. కలిపిన చోట కూలింది. ఇక్కడ దోషి ఎవరు? ఎవరూ కారు. రస్ట్ భాష నిర్మాత గ్రేడన్ హోర్ 2013లో దీనికి బోర్స్ అనే యంత్ర ద్వారపాలకుణ్ణి నియమించాడు. అది ఒక మార్పును తీసుకుని, ప్రధాన ప్రతి తాజా స్థితితో కలిపి, ఆ కలిపిన రూపాన్నే పరీక్షిస్తుంది. నెగ్గితే ఆ రూపాన్నే ప్రధాన ప్రతిగా నిలుపుతుంది. పరీక్షించినది ఒకటి, నిలిపినది మరొకటి కావడానికి వీలులేదు. ఇది రాకెట్ శాస్త్రమంత కష్టమేమీ కాదన్న భావంతో ఆ నియమానికి పేరు పెట్టి, సిగ్నస్ సంస్థలో 2001 ప్రాంతంలో తన సహోద్యోగులు నడిపిన పద్ధతే దీనికి మూలమని అతడు 2014లో రాశాడు.

మాట మార్చే సాక్షి

ఇక అన్నిటికన్న కఠినమైన సమస్య. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారకపోయినా ఒకసారి నెగ్గి, ఒకసారి తప్పే టెస్టులు ఉంటాయి. వీటిని "ఫ్లేకీ" అంటారు. కారణాలు అనేకం. రెండు పనులలో ఏది ముందు ముగుస్తుందో తెలియకపోవడం ఒకటి. ముందు నడిచిన టెస్టు వదిలిన ఫైలుపై ఆధారపడడం మరొకటి. హైదరాబాదులో తెల్లవారి ఐదు గంటలైతే గ్రీన్‌విచ్ కాలంలో ఇంకా ముందు రోజే. ఈ రెండింటినీ కలగాపులగం చేసిన టెస్టు రోజులో కొన్ని గంటలు మాత్రమే తప్పుతుంది.

గూగుల్ ఇంజనీర్లు 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం, వారి టెస్టు ఫలితాలలో సుమారు 1.5 శాతం ఇటువంటివి. దాదాపు 16 శాతం టెస్టులలో ఏదో ఒక మేరకు ఈ లక్షణం ఉన్నది. నెగ్గుతూ ఉండి హఠాత్తుగా తప్పిన సందర్భాలలో 84 శాతం ఈ ఫ్లేకీ టెస్టులకు సంబంధించినవే. 1.5 శాతం చిన్న సంఖ్యగా కనబడుతుంది. వేయి టెస్టులున్న ప్రోగ్రాంలో అది ప్రతిసారీ పదిహేను.

నష్టం ఆ పదిహేనింటితో ఆగదు. నాన్నా పులి కథ అందరికీ తెలిసిందే. "అది ఎప్పుడూ తప్పేదే, మళ్ళీ నడిపితే సరిపోతుంది" అన్న మాట జట్టులో అలవాటైన నాడు, నిజంగా పులి వచ్చినప్పుడు కూడా అందరూ అదే మాట అంటారు. మూడుసార్లు నడిపి ఒకసారి నెగ్గినా చాలునన్న నియమం పెడితే పట్టిక పచ్చబడుతుంది. కాని మూడింట రెండుసార్లు నిజంగానే తప్పే ప్రోగ్రాం కూడా ఆ పచ్చదనంలోనే దాగిపోతుంది. వాడుకరి దానిని మూడుసార్లు నడుపుకోడు.

నోరు మూయించడం

సరిచేయడానికి వెంటనే తీరిక లేని టెస్టును ఏం చేయాలి? తొలగించడం ఒక దారి. 2006లో వచ్చిన జేయూనిట్ నాలుగవ కూర్పు "ఇగ్నోర్" అనే గుర్తును ఇచ్చింది. ఆ గుర్తున్న టెస్టు నడవదు, అయితే నడవనివి ఎన్నో లెక్క చూపుతుంది. పెర్ల్ వారిది ఇంకా మంచి మార్గం. "టూడూ" అనే గుర్తు పెడితే టెస్టు నడుస్తుంది, తప్పితే "ఇది తెలిసినదే" అని రాస్తుంది, ఎప్పుడైనా అనుకోకుండా నెగ్గితే ఆ సంగతీ తెలియజేస్తుంది. తొలగించిన టెస్టు ఉండేదన్న సంగతి కొన్నాళ్ళకు ఎవరికీ గుర్తుండదు. గుర్తు పెట్టిన టెస్టు బాకీలా పుస్తకంలో నిలిచి ఉంటుంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 నడిచే ఐఫోన్లలో, "జ్ఞా" అన్న అక్షరానికి చెందిన ఒక ప్రత్యేక సంకేతక్రమం తెరపైకి రాగానే సందేశాల అప్లికేషన్లు కూలిపోయాయి. ఆ నెలలోనే 11.2.6 కూర్పుతో ఆపిల్ సంస్థ దానిని సరిచేసింది. జ్ఞానమన్న మాటకు మొదటి అక్షరం ఫోనును పడగొట్టిందని లోకం కొన్నాళ్ళు నవ్వుకున్నది. ఇటువంటి అక్షరక్రమానికి ఎక్కడో ఒక చిన్న టెస్టు ఉండాలి. అది తప్పిన రోజున, తెలుగు చదవరాని ఒక ప్రోగ్రామర్ "ఈ విచిత్రమైన కూర్పు ఎవరు వాడతారు, దీనిని పక్కన పెడదాం" అని అనకుండా ఉండాలి. పట్టికలో వేల గళ్ళ నడుమ ఒక్క నారింజ గడి ఎంతమాత్రం? కాని ఆ ఒక్క గడిలోనే మన లిపి ఉండవచ్చు. టెస్టు రాసినవాడు వెళ్ళిపోయినా, వాడు ఎవరి పక్షాన ఆ ప్రశ్న అడిగాడో వారు ఇంకా ఉంటారు.

ఈ చరిత్రలో ఉమ్మడి పనివారు నేర్చుకున్నది ఒక క్రమం. టెస్టు తప్పగానే ముందు చెట్టును కాపాడాలి, అంటే చెడగొట్టిన మార్పును బయటకు తీయాలి. తరువాత మూడు అనుమానాలనూ వరుసగా విచారించాలి. టెస్టుదే తప్పని తేలితే, ఎందుకు తప్పో రాసిపెట్టి దిద్దాలి. మాట మార్చే సాక్షి అయితే తీర్పు చెప్పే చోటునుంచి పక్కకు తప్పించి, గడువు పెట్టి, బాధ్యుని పేరు రాసి బాగుచేయాలి. ఇవేవీ చేయకుండా ఎర్ర గడిని అలాగే వదిలివేస్తే, రెండవ ఎర్ర గడి వచ్చినప్పుడు ఎవరూ తల ఎత్తి చూడరు. యంత్రాలు మాత్రం ఎవరూ చూడకపోయినా తమ పట్టీని ప్రతి గంటా నింపుతూనే ఉంటాయి.